సముద్రము దాటిన కంఠము
(పాల్ రాబ్సన్ జీవితము)

మనుష్యుని ఒకచోట కట్టిపెట్టుట ప్రభుత్వములకు కష్టమైన పని కాదు. కాని అతని పాటను కట్టిపెట్టుట సాధ్యమగునా? అమెరికా దేశమున జన్మించి, రంగస్థలము, రేడియో, గ్రామఫోను రికార్డుల ద్వారా ప్రపంచమంతట పేరు గాంచిన గాయకుడు పాల్ రాబ్సన్ జీవితము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది. ఆయన కథను మన పాఠశాల పత్రికలో చెప్పుటకు మాకు మరియొక కారణము కూడ కలదు. ఆయన భాషలను ప్రేమించినవాడు. ఇంట నొక భాషయు, అంగడిలో మరియొక భాషయు మాటలాడుచు పెరుగు మన బాలబాలికలకు ఆ ప్రేమ ఎట్టిదో తెలియవలెను.

పాల్ రాబ్సన్ 1898 వ సంవత్సరము ఏప్రిల్ 9 వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రములోని ప్రిన్స్‌టన్ పట్టణమున జన్మించెను. తండ్రి విలియం డ్రూ రాబ్సన్ పుట్టుకతో బానిస. ఉత్తర కెరొలైనా రాష్ట్రమున ఒక తోట యజమానికి సొత్తుగా ఆయన పెరిగెను. పశువులను అమ్మినట్లు మనుష్యులను అమ్ముట ఆ కాలమున అచట చట్టసమ్మతము. 1860 లో, 15 ఏండ్ల ప్రాయమున, ఆయన ఆ తోట నుండి పారిపోయి ఉత్తరదేశము చేరెను. కూలి పని చేసి, పట్టుదలతో చదివి, లింకన్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, క్రైస్తవ మతబోధకుడయ్యెను.

ఆఫ్రికా నుండి ఓడలలో తేబడిన బానిసలు స్వేచ్ఛతో పాటు పేర్లను, భాషలను కూడ కోల్పోయిరి. ఒక ఊరివారు ఒకచోట నుండకుండ, ఒక భాషవారు ఒకచోట చేరకుండ చెదరగొట్టబడిరి. కొన్ని తరములు గడచునప్పటికి వారి సంతతికి యజమానుల భాష తప్ప వేరొకటి మిగులలేదు. రాబ్సన్ అను ఇంటిపేరు సైతము బానిసల నేలిన కుటుంబము నుండి వచ్చినదే. ఈ సంగతి మరువకున్నచో, పెద్దవాడైన పిదప రాబ్సన్ భాషల వెంట ఎందుకు పరుగెత్తెనో మనకు బోధపడును.

పాల్ తన తోబుట్టువులలో కడపటివాడు. అతని తల్లి మరియా లూయీసా చదువుకొన్న వంశమున పుట్టినది. ఆమెకు చూపు మందగించెను. 1904 జనవరిలో పొయ్యి నుండి నిప్పు ఎగిరి చీరలవలె నేలకు దిగు ఆమె దుస్తులకు అంటుకొనగా, ఆ గాయములతో ఆమె మరణించెను. అప్పటికి పాల్‌కు ఆరేండ్లు నిండలేదు. అంతకుముందే, 1901 లో, తండ్రి చర్చిలోని ఉద్యోగమును పోగొట్టుకొని, గుఱ్ఱపు బండి తోలుచు ఇండ్లలోని బూడిద ఎత్తిపోయు పనికి దిగియుండెను. ఇరువదేండ్లు గౌరవముగా బోధకుడైయున్న పట్టణములోనే ఆ పని చేయవలసివచ్చినను, ఆయన నోట నిష్ఠురపు మాట రాలేదని కుమారుడు పిమ్మట వ్రాసికొనెను. ప్రతి సాయంకాలము తండ్రి కుమారుని పాఠములను దగ్గర కూర్చుండబెట్టుకొని వినెడివాడు. ఉచ్చారణ స్పష్టముగా నుండవలెననియు, పలికిన మాటకు కట్టుబడియుండవలెననియు ఆయన నేర్పెను.

ఉన్నత పాఠశాల చదువు ముగియు సమయమున రాష్ట్రమంతటికిని ఉపకారవేతనమునకై ఒక పోటీ పరీక్ష జరిగెను. తక్కిన విద్యార్థులు మొదటి భాగమును ముందు సంవత్సరమే వ్రాసియుండిరి. అట్టి పరీక్ష ఒకటి జరిగినదని పాల్‌కు తెలియదు. ఇతరులు ఒక సంవత్సరపు పాఠములకు సమాధానములు వ్రాసిన వ్యవధిలోనే, అతడు నాలుగు సంవత్సరముల పాఠములకు వ్రాయవలసివచ్చెను. అయినను అతడే గెలిచెను. 1915 లో రట్గర్స్ కళాశాలలో చేరెను. ఆ కళాశాల చరిత్రలో చేరిన నల్లజాతి విద్యార్థులలో అతడు మూడవవాడు.

అచట అమెరికా తరహా ఫుట్‌బాల్ ఆటలో ప్రవేశింపబూనగా, తోటి ఆటగాండ్రే అతనిపై పడి ముక్కు విరుగగొట్టిరి. భుజపు కీలు తొలగించిరి. పాల్ పది దినములు మంచము పట్టెను. తాను విడిచిపెట్టినచో, తన వెనుక రాదలచిన నల్లజాతి బాలుర కందరికి తలుపు మూసినట్లగునని తండ్రి నేర్పిన మాట జ్ఞాపకము వచ్చి, లేచి మరల మైదానమునకు పోయెను. ఒకడు బూటు కాలితో అతని చేతిని త్రొక్కి గోళ్ళు ఊడదీసెను. అప్పుడు మాత్రము పాల్‌కు కోపము ఆగలేదు. తరువాతి ఆటలో బంతితో వచ్చిన ఆటగానిని పట్టి తలపైకెత్తెను. అది చూచి శిక్షకుడు అతనిని జట్టులో చేర్చుకొన్నట్లు కేక వేసెనట. 1917, 1918 సంవత్సరములలో దేశమంతటి నుండి ఎంపిక చేసిన ఉత్తమ జట్టులో అతని పేరు చేరెను. 1919 లో తరగతికి ప్రథముడుగా నిలిచి, పట్టప్రదాన సభలో విద్యార్థుల పక్షమున ఉపన్యసించెను. ఆ విజయము చూచుటకు తండ్రి లేడు. 1918 లోనే గతించెను.

తరువాత ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివెను. వారాంతములలో వేతనమునకు ఫుట్‌బాల్ ఆడి చదువుల ఖర్చును సంపాదించుకొనెను. 1921 లో ఎస్లాండా గుడ్ అను విదుషీమణిని వివాహమాడెను. 1923 లో పట్టము చేతికి వచ్చి, ఒక న్యాయవాద కార్యాలయమున పనికి కుదిరెను. అచటి స్టెనోగ్రాఫరు నల్లవాడు చెప్పినది తాను వ్రాయనని నిరాకరించెను. రాబ్సన్ కోటు తీసికొని వెలుపలికి వచ్చెను. న్యాయవాద వృత్తిని మరల తలపెట్టలేదు.

ఒక తలుపు మూయబడగా మరియొకటి తెరువబడెను. 1924 లో యూజీన్ ఓనీల్ వ్రాసిన రెండు నాటకములలో ఆయన ముఖ్యపాత్రలు ధరించెను. ఆ నిండైన విగ్రహము, ఆ గంభీరమైన మంద్రస్వరము చూపరులను ముగ్ధులను చేసెను. 1925 ఏప్రిల్ 19 న న్యూయార్కు నాటకశాలలో, పియానో వాదకుడు లారెన్స్ బ్రౌన్ తోడుగా, కేవలము నల్లజాతి ప్రజల పాటలతోనే ఒక కచేరీ జరిపెను. అవి బానిసలు ప్రత్తిచేలలో, ప్రార్థనా స్థలములలో పాడుకొన్న పాటలు. భాష యజమానులది, కథలు బైబిలులోనివి, లయ మాత్రము ఆఫ్రికాది, వేదన తమది. ఈజిప్టు రాజు చెఱలోని ప్రజల కథను పాడినప్పుడు, వారు తమ చెఱనే పాడుకొనుచుండిరి. ఫిస్క్ విద్యాలయపు గాయకులు 1871 నుండియే ఆ పాటలను ఊరూర వినిపించిరి. కాని పెద్ద నగరములలోని రంగస్థలములపై ఏకాకిగా ఒక గాయకుడు సాయంకాలమంతయు వానినే పాడి మెప్పించుట అప్పటికి క్రొత్త. రాబ్సన్ తన తండ్రి సంఘమున విన్న పాటలనే పాడెను. అందుచేతనే అవి అందరి గుండెలకు తగిలెను.

1928 లో లండను నగరమున ‘షో బోట్’ అను సంగీతనాటకమున ఆయన రేవు కూలివాని వేషము ధరించి, మిసిసిపీ నదిని గూర్చిన పాటను పాడెను. జెరోమ్ కెర్న్ స్వరపరచి, ఆస్కార్ హామర్‌స్టీన్ వ్రాసిన ఆ గీతమే ఆయన పేరును ప్రపంచము నలుమూలలకు మోసికొనిపోయెను. నల్లకూలీల కష్టములు చూచియు, ఏమియు పలుకక ప్రవహించు నదిని గూర్చిన పాట అది. మొదట దానిలో నిస్పృహ చెప్పు మాటలుండెను. 1930 ల చివర నుండి రాబ్సన్ ఆ మాటలను తీసివేసి, పోరాటమును చెప్పు మాటలను పెట్టి పాడజొచ్చెను. ప్రఖ్యాతి తెచ్చిన పాటను దిద్దుటకు సాహసించు గాయకులు అరుదు. అస్సాము కవిగాయకుడు భూపేన్ హజారికా కొలంబియాలో చదువుచు రాబ్సన్‌ను ఎరిగి, ఆ పాట స్ఫూర్తితో బ్రహ్మపుత్రను సంబోధించు గీతమును రచించెను. అదియే పిమ్మట వంగ, హిందీ భాషలలో గంగానది పాటగా మన దేశమంతట ప్రసిద్ధమయ్యెను.

లండనులో రాబ్సన్‌కు ధనము, గౌరవము లభించెను. 1930 లో షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాటకమున నాయకపాత్ర ధరించెను. అయినను ఆయన మనస్సు తృప్తి చెందలేదు. తన పూర్వులు పోగొట్టుకొన్న భాష ఏది? ఈ తపనతో, 1930 ల నడుమ, లండనులోని ప్రాచ్యవిద్యాలయమున చేరి, ధ్వనిశాస్త్రమును, స్వాహిలీ మొదలగు ఆఫ్రికా భాషలను అభ్యసించెను. అప్పటికి ఆయన పేరు మోసిన నటుడు. అయినను పలకపట్టిన బాలునివలె అక్షరము మొదలుపెట్టెను. ఆఫ్రికా భాషలు సంస్కారము లేనివని పలువురు విద్యావంతులు తలచుచుండిన కాలమది. వాని వ్యాకరణమును, వాని సామెతలను, వాని శ్రుతిభేదములను చదివిన కొలది, తన జాతికి సంస్కృతి లేదను మాట ఎంత అబద్ధమో ఆయనకు తేటపడెను.

అక్కడితో ఆయన ఆగలేదు. రష్యను, జర్మను, యిడ్డిష్, చైనా భాషలు నేర్చెను. ఏ జాతి పాటను ఆ జాతి భాషలోనే పాడవలెనని ఆయన నియమము. ఇరువదికి పైగా భాషలలో ఆయన పాడెను. దూరదేశముల జానపద గేయములను పోల్చి చూడగా, వానిలో పెక్కింటికి ఐదు స్వరముల మెట్టు ఆధారమై యుండుట కనుగొనెను. ఆఫ్రికా పాటలోను, చైనా పాటలోను, స్కాట్లండు పాటలోను ఆ ఐదు స్వరములే ఆయనకు వినబడెను. మన సంగీతమున అట్టి రాగములను ఔడవ రాగములందుము. మోహనరాగము అందులో నొకటి. పిల్లలు తొలినాళ్ళలోనే నేర్చుకొను ఆ రాగపు మెట్టు మీదనే ఎన్నియో జాతుల పల్లె పాటలు నడచుచున్నవి.

1929 చలికాలమున లండను వీధిలో, వేల్స్ దేశము నుండి కాలినడకన వచ్చిన బొగ్గుగని కార్మికులు కొందరు పాడుచు పోవుచుండిరి. పని లేక, పిల్లలకు అన్నము లేక వారు బయలుదేరియుండిరి. వారి పాట విని రాబ్సన్ వారితో కలిసి నడచెను. వారి కొరకు పాడెను. ఆ చెలిమి చిరకాలము నిలిచెను. 1938 లో స్పెయిను అంతర్యుద్ధ రంగమునకు పోయి, ప్రజాప్రభుత్వ పక్షమున పోరాడు సైనికులకు పాడెను. ఆ సంవత్సరమే లండనుకు వచ్చిన జవాహర్‌లాల్ నెహ్రూ స్వాగతసభలో పాల్గొని, భారత స్వాతంత్ర్యమును కోరెను. కళాకారుడు ఎవరి పక్షమో తేల్చుకొనక తప్పదని ఆయన నిశ్చయించుకొనెను.

1939 లో స్వదేశమునకు మరలి, నవంబరు 5 న రేడియోలో ‘అమెరికనుల గాథ’ అను దీర్ఘగీతమును పాడగా దేశమంతయు ఉప్పొంగెను. 1940 లో న్యూయార్కు బహిరంగ వేదికపై, జపాను దండయాత్రను ఎదిరించుచుండిన చైనీయుల కదనగీతమును చైనా భాషలో పాడెను. ఆ పాటయే 1949 లో చైనా జాతీయగీతమయ్యెను. 1943 లో న్యూయార్కున ‘ఒథెల్లో’ ప్రదర్శనలు ఆరంభమై 296 సార్లు జరిగెను. బ్రాడ్‌వే నాటకశాలలలో షేక్‌స్పియర్ నాటకము ఏదియు అంతవరకు అన్నినాళ్ళు ఆడలేదు.

ఆ ఉచ్చస్థితిలో రాబ్సన్ మౌనముగా నుండియున్నచో సుఖముగా జీవించెడివాడే. కాని రెండవ ప్రపంచయుద్ధమున దేశము కొరకు పోరాడి వచ్చిన నల్లసైనికులకు స్వగ్రామములలో ఓటు లేకుండెను. న్యాయవిచారణ లేకుండ గుంపులు నల్లవారిని చంపుచుండెను. 1946 లో రాబ్సన్ ఒక బృందముతో అధ్యక్షుడు ట్రూమన్‌ను కలిసి, ఆ హత్యలను మాన్పు చట్టము కావలెనని గట్టిగా అడిగెను. 1949 ఏప్రిల్‌లో పారిసు శాంతి సభలో ఆయన పలికిన మాటలను వార్తాసంస్థ మార్చి ప్రచురించెను. దేశద్రోహి యను కేకలు బయలుదేరెను. ఆ ఆగస్టు 27 న పీక్‌స్కిల్ అనుచోట ఆయన కచేరీని అల్లరిమూకలు జరుగనీయలేదు. సెప్టెంబరు 4 న ఆయన మరల అచటికే పోయెను. కార్మికులు భుజము భుజము కలిపి చుట్టు నిలువగా, సుమారు 20,000 మంది ఎదుట పాడెను. సభ ముగిసి ఇండ్లకు మరలుచున్న ప్రజల బండ్లపై రాళ్ళు కురిసెను. 140 మందికి పైగా గాయపడిరి.

1950 లో ప్రభుత్వము ఆయన పాస్‌పోర్టును రద్దు చేసెను. విదేశములకు పోవుటకు వీలు లేదు. స్వదేశమున సభాశాలలు మూయబడెను. రికార్డులు అంగళ్ళలో కనబడవు, రేడియోలో ఆయన పాట వినబడదు. ఏడాదికి లక్ష డాలర్ల వరకు వచ్చుచుండిన ఆదాయము కొద్ది వేలకు పడిపోయెను. పదునొకండుగురు ఉండవలసిన 1918 నాటి ఉత్తమ ఫుట్‌బాల్ జట్టును, ఆయన పేరు తీసివేసి పదిమందితోనే ముద్రించిన గ్రంథము కూడ వెలువడెను. ఆయన సామ్యవాది కాడని ప్రమాణపత్రము వ్రాసి యిచ్చినచో పాస్‌పోర్టు లభించియుండెడిది. ఒకని అభిప్రాయములను అడుగు హక్కు ప్రభుత్వమునకు లేదని ఆయన వ్రాసి యీయలేదు.

ఇచట ఒక సంగతిని మేము దాచదలచలేదు. సోవియట్ దేశమున తనను మొట్టమొదట మనుష్యునిగా చూచిరను కృతజ్ఞత రాబ్సన్‌కు మెండు. ఆ కృతజ్ఞత ఆయన నోటిని కొంత కట్టివేసెను. 1949 లో మాస్కోలో, యూదు రచయితలు హింసింపబడుచున్న కాలమున, ఆయన వార్సా యూదుల పోరాటగీతమును వారి యిడ్డిష్ భాషలోనే పాడెను. అది ధైర్యమే. కాని స్వదేశమునకు వచ్చి ఆ హింసను గూర్చి బహిరంగముగా పలుకలేదు. తన దేశపు అన్యాయమును ఎలుగెత్తి చాటినవాడు, ఆ దేశపు అన్యాయము విషయమున మౌనము వహించెను. గొప్పవారి లోపములను గూడ ఎరిగి గౌరవించుటయే వారిని నిజముగా ఎరుగుట.

దారులన్నియు మూసిన పిదప ఏమి జరిగెనో వినుడు. 1952 లో కెనడా గని కార్మికులు ఆయనను పిలిచిరి. సరిహద్దు వద్ద అధికారులు అడ్డగించిరి. ఆ మే 18 న సరిహద్దులోని శాంతి తోరణము కడ ఒక లారీని నిలిపి, దాని మీద నుండి రాబ్సన్ పాడెను. గాయకుడు అమెరికా నేల మీద. సరిహద్దుకు ఇరుప్రక్కల వేలకొలది ప్రజలు. పాటకు ఆ గీత కనబడలేదు. వరుసగా నాలుగేండ్లు అట్లే పాడెను.

అంతలో 1956 లో అట్లాంటిక్ సముద్రగర్భమున తొలి టెలిఫోను కేబులు వేయబడెను. 1957 మే 26 న లండనులోని సెయింట్ పాంక్రస్ సభాశాలలో సుమారు వేయిమంది కూడిరి. వేదికపై గాయకుడు లేడు. ఆయన న్యూయార్కులో టెలిఫోను ఎదుట నిలిచి పాడుచుండెను. సముద్రము క్రిందుగా వచ్చిన ఆ కంఠము లౌడ్‌స్పీకర్లలో మ్రోగెను. ఆ అక్టోబరు 5 న వేల్స్ గని కార్మికుల ఉత్సవమున, పోర్త్‌కాల్ పట్టణములో, 5,000 మంది అట్లే వినిరి. 1929 లో వీధిలో తమతో కలిసి నడచిన గాయకుని వారు మరువలేదు. ఆయన పాడిన పిదప వారందరు తమ వేల్స్ భాషలో తమ జాతీయగీతమును పాడి, సముద్రమునకు ఆవలనున్న ఆయనకు వినిపించిరి. ఎవరి భాషను ఆయన గౌరవించెనో, ఆ భాష ఆయనను వెదకికొని వచ్చెను.

1958 ఏప్రిల్‌లో ఆయన 60 వ జన్మదినము పెక్కు దేశములలో జరుపబడెను. భారతదేశమున జరిగిన ఉత్సవమునకు ప్రధానమంత్రి నెహ్రూ బహిరంగముగా మద్దతు తెలిపెను. ఆ జూన్‌లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము, అభిప్రాయములను కారణముగా చూపి పాస్‌పోర్టు నిరాకరింపరాదని తీర్పు చెప్పెను. ఎనిమిదేండ్ల చెఱ వీడెను. 1960 నవంబరులో ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ సంగీతశాల కట్టుచున్న చోటికి పోయి, మధ్యాహ్నపు విరామములో కూలీలకు పాడెను. కార్మికులు కట్టడపు మంచెల మీదికెక్కి కూర్చుండి వినిరి. ఆ మహాభవనము 1973 లో తెరువబడెను. కాని అందు మొట్టమొదట పాడినవాడు రాబ్సన్, మొట్టమొదట విన్నవారు దానిని కట్టినవారు.

దీర్ఘకాలపు నిర్బంధము ఆయన శరీరమును, మనస్సును క్రుంగదీసెను. 1961 నుండి అనారోగ్యము పాలయ్యెను. 1963 లో స్వదేశము చేరెను. 1965 లో భార్య ఎస్లాండా మరణించెను. చివరి దినములు ఫిలడెల్ఫియా నగరమున సోదరి ఇంట గడచెను. 1976 జనవరి 23 న, 77 ఏండ్ల వయస్సున, ఆయన కన్నుమూసెను. ముద్రణలో తుడిచివేయబడిన ఆటగాని పేరు 1995 లో కళాశాలల ఫుట్‌బాల్ ప్రముఖుల పట్టికకెక్కెను. పాస్‌పోర్టు లాగికొనిన దేశమే 2004 లో ఆయన బొమ్మతో తపాలాబిళ్ళ ముద్రించెను.

బాలబాలికలారా! తన పూర్వుల భాషను పోగొట్టుకొన్నవాడు ఇరువది భాషలలో పాడెను. మనకు మన భాష చేతిలోనే యున్నది. దానిని చక్కగా నేర్చుకొందము; మన చుట్టునున్నవారి భాషను కూడ అంతే గౌరవముతో నేర్చుకొందము. పొరుగువాని పాటను అతని మాటలలోనే పాడగలిగిన నాడు, మన పాట వినుటకు అతడును చెవి యొగ్గును. రాబ్సన్ జీవితము నుండి మేము నేర్చినది ఇదియే.